కుండకు కుమ్మరి, పుట్టకు ఎవరు? — ఈశ్వరవాదమూ తర్కమూ

దేవుణ్ణి నమ్మడం తర్కబద్ధమా కాదా అన్న ప్రశ్నకు మన పల్లెల్లో ఎక్కువగా రెండు జవాబులు వినిపిస్తాయి. నమ్మేవారు "అది తర్కానికి అందే విషయం కాదు" అంటారు. నమ్మనివారు "ఉంటే చూపించండి" అంటారు. ఈ రెండు జవాబులూ చర్చను మొదలుపెట్టకముందే ముగించేవే. మొదటిది తర్కాన్ని గుమ్మం బయట నిలబెడుతుంది. రెండవది తర్కమంటే కంటితో చూడటమేననుకుంటుంది. వెయ్యేళ్ళకు పైబడి ఈ దేశంలో ఆస్తికులూ నాస్తికులూ ఇంతకంటే ఎంతో పదునుగా వాదించుకున్నారన్న సంగతి ఉభయులూ మరచిపోయారు.

మా రెడ్డిగూడెం 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారిందిగాని మామిడి తోటలూ, గట్ల మీద పుట్టలూ, వాదాలూ మారలేదు. మొన్న వేసవి సెలవుల్లో నలుగురం కూర్చున్నచోట ఈ ప్రసంగమే వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారొకరు "ఇల్లు కనబడితే కట్టిన మేస్త్రీ ఉన్నాడంటాం. ఇంత లోకం కనబడుతుంటే దానికో మేస్త్రీ లేడంటావేంరా?" అన్నారు. డిగ్రీ చదివే కుర్రాడు "ఆ మేస్త్రీని చూపించండి మాస్టారూ, ఒప్పుకుంటా" అన్నాడు. ఇంకాస్త గట్టిగా నిలదీసేసరికి మాస్టారు "ఇవన్నీ తర్కానికి అందవులేరా" అని పైపంచె దులుపుకుని లేచారు. ఆయన మొదట చెప్పింది తర్కమే. అది నిలబడనప్పుడే అతీతమన్నారు. కేసు ఓడిపోతున్నప్పుడు ఈ కోర్టుకు అధికారం లేదని వాదించే ప్లీడరు తీరు ఇది.

మాస్టారికి తెలియకపోవచ్చుగాని, ఆయన చెప్పిన మేస్త్రీ వాదం న్యాయశాస్త్రంలో అచ్చంగా ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే మన తార్కికులు దేన్ని అనుమానమన్నారో ముందుగా చూడాలి. ఇక్కడ అనుమానమంటే వాడుకలోని సందేహం కాదు. తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని రాబట్టడం. పదిహేడవ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. సంస్కృతం చదివే పిల్లలకు ఇప్పటికీ తర్కంలో అదే తొలి పుస్తకం. అందులో అనుమానానికి ఇచ్చిన ఉదాహరణ కొండమీది పొగ. కొండమీద నిప్పు ఉంది, పొగ ఉంది కనుక. పొగ ఎక్కడుంటే నిప్పు అక్కడుంటుంది, వంటింట్లో చూశాం కదా. ఇందులో నిప్పు సాధ్యం, పొగ హేతువు, కొండ పక్షం, వంటిల్లు దృష్టాంతం. ఈ మొత్తానికి ప్రాణం వ్యాప్తి. అంటే హేతువు ఉన్నచోట సాధ్యం తప్పకుండా ఉండటం. వ్యాప్తి తెగితే వాదం హేత్వాభాసమవుతుంది. అంటే హేతువులా కనబడేదేగాని హేతువు కాదు.

ఇప్పుడు ఈశ్వరవాదం. భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు కనుక, కుండలాగా. అన్నంభట్టే తన దీపికలో ఈ అనుమానాన్ని చెప్తాడు. అంతకు ముందే పదవ శతాబ్దం ప్రాంతంలో మిథిలకు చెందిన ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథమంతా ఈశ్వరుణ్ణి నిరూపించడానికే రాశాడు. ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. దేవుడున్నాడని నమ్మమని నైయాయికులు ఆజ్ఞాపించలేదు. అది నిరూపించవలసిన విషయమనీ, నిరూపించే బాధ్యత తమదేననీ ఒప్పుకున్నారు. "తర్కానికి అందదు" అన్న మాట వారికి అవమానంగా తోచి ఉండేది. ఈ విషయంలో నా గౌరవం ఆ పాత ఆస్తికులకే.

అయితే ఈ వాదం నిలుస్తుందా? ఏడవ శతాబ్దం నాటి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికంలో దీనికి చెప్పిన జవాబు ఇప్పటికీ పాతబడలేదు. ఆయనకు గురుపరంపరలో పెద్దవాడైన దిఙ్నాగుడు హేతువిద్య మీద శాస్త్రం రాసింది వేంగి దగ్గరి ఒక కొండమీదనని చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ చెప్పాడు. వేంగి అంటే ఏలూరు పక్కనున్న నేటి పెదవేగి. జగ్గయ్యపేట ధనంబోడు మీద మూడవ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని నాటి శాసనాలున్న స్తూపం సంగతి మన ప్రాంతం వారికి తెలిసిందే. హేతువాదం పరదేశం నుంచి దిగుమతైన సరుకు అనేవారు ఆ బోడును ఒకసారి ఎక్కి చూడాలి.

ధర్మకీర్తి అనేదాన్ని మా ఊరి మాటల్లో చెప్తాను. పుష్యమాసంలో తెల్లవారుజామున కొండలమీద తెల్లగా మంచు పడుతుంది. పొగ కూడా తెల్లగానే ఉంటుంది. తెల్లగా ఉంది కనుక కొండమీద నిప్పుందని ఎవరైనా అంటే నవ్వుతాం. నిప్పుతో ముడిపడింది పొగేగాని తెలుపు కాదు. అలాగే కుండ, ఇల్లు, బండి మనిషి చేస్తేనే అవుతాయని మనం చూశాం. అలాంటిది మరొకటి ఎక్కడ కనబడినా, చేసినవాణ్ణి చూడకపోయినా, చేసినవాడున్నాడని తేల్చవచ్చు. పాడుబడిన గుడిని చూసి శిల్పి ఉన్నాడనడం సరైన అనుమానమే. కాని కొండ, మొలక, ఏరు ఎవరో చేస్తుండగా ఎన్నడూ చూడలేదు. వాటినీ "కార్యం" అన్న ఒకే మాటతో పిలిచి, మాట ఒకటే కనుక కర్త కూడా ఉండాలనడం మంచును పొగనడమే. ఇదే పద్ధతిని ఒప్పుకుంటే, కుండ మట్టితో అయింది, పుట్ట కూడా మట్టితోనే అయింది, కనుక పుట్టను కూడా కుమ్మరి చేశాడని తేల్చవలసి వస్తుందని ధర్మకీర్తి ఎత్తిపొడుస్తాడు.

నాగుల చవితినాడు మనం పాలుపోసే పుట్ట పన్నెండు వందల ఏళ్ళకు పైగా భారతీయ తర్కంలో ఒక పెద్ద వాదానికి దృష్టాంతంగా నిలిచి ఉందన్నమాట. ఆ పుట్టను పెట్టింది చెదపురుగులు. పుట్టలో గాలి ఆడటానికి దారులుంటాయి, లోపల వేడి అదుపులో ఉంటుంది. ప్లాను గీసిన మేస్త్రీ మాత్రం లేడు. ఏ చెదపురుగుకూ మొత్తం పుట్ట సంగతి తెలియదు. తెలివైన కర్త లేకుండా అమరిక ఎలా వస్తుందన్న ప్రశ్నకు 1859లో డార్విన్ జీవరాశుల విషయంలో జవాబు చెప్పాడు. ఆ దారి తెలియని రోజుల్లోనే ధర్మకీర్తి, అటు తరవాత 1779లో అచ్చయిన సంవాదాల్లో హ్యూమ్, వాదంలోని బొక్కను చూపారు. ప్రమాణవార్తికం సంస్కృత మూలం ఈ దేశంలో కనుమరుగైపోతే, 1930లలో టిబెట్టు మఠాల్లో తాళపత్రాలు వెతికి దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చింది రాహుల్ సాంకృత్యాయన్. మన రచయితలు ఆయన 'ఓల్గా సే గంగా'ను తలుచుకున్నంతగా ఈ పనిని తలుచుకోరు. నా ఉద్దేశంలో ఇది దానికన్నా పెద్ద పని.

న్యాయంగా ఉదయనుని పక్షం కూడా చెప్పాలి. మొలకకు కర్త కనబడటం లేదు కదా, వ్యాప్తి అక్కడ తెగింది కదా అంటే, ఆ మొలక గురించే కదా వివాదం, వివాదంలో ఉన్నదాన్నే ఎదురు సాక్ష్యంగా తెస్తే ఎలా అని నైయాయికుని జవాబు. ఇది కొట్టిపారేయదగింది కాదు. కాని ఈ జవాబుతో వాదం ఓటమిని తప్పించుకుంటుందేగాని గెలవదు. ఒకవేళ గెలిచినా దక్కేదెవరు? కుమ్మరి మట్టిని పుట్టించడు, ఉన్న మట్టిని సారె మీద పెడతాడు. న్యాయదర్శనంలోని ఈశ్వరుడు కూడా పరమాణువులను సృష్టించడు, అవి నిత్యాలు. జీవుల అదృష్టాన్ని, అంటే పూర్వకర్మ ఫలాన్ని, అనుసరించి వాటిని కూర్చుతాడు. పరీక్షలో పాసు చేయించమనీ, మామిడికి ధర రప్పించమనీ మొక్కుకునే దేవుడు ఈ అనుమానం చివర కనబడడు. లెక్కల మాస్టారు గెలిచినా ఆయనకు దక్కేది మేస్త్రీయేగాని, శనివారం ఆయన గుడికి వెళ్ళి మొరపెట్టుకునే వేంకటేశ్వరుడు కాదు.

బౌద్ధులు నాస్తికులు కనుక అలాగే అంటారనేవారికి కుమారిలభట్టు సంగతి చెప్పాలి. ఆయన బౌద్ధులకు బద్ధశత్రువు, వేదప్రామాణ్యానికి కంచుకోట. అయినా శ్లోకవార్తికంలో సృష్టికర్తను ఒప్పుకోడు. దయతో సృష్టించాడంటారా, సృష్టికి ముందు దయ చూపవలసిన దుఃఖజీవులే లేరు కదా అంటాడు. తానే సృష్టించానని స్వయంగా చెప్పుకున్నా నమ్మనక్కరలేదనీ, గొప్పకు చెప్పుకుంటూ ఉండవచ్చుననీ కూడా అంటాడు. నాస్తికుడంటే దేవుడు లేడనేవాడన్న అర్థం మనం తరవాత స్థిరపరచుకున్నది. దర్శనాల భాషలో నాస్తికుడంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు. కనుక సృష్టికర్తను కాదన్న మీమాంసకుడు నిఖార్సైన ఆస్తికుడు! భారతీయ సంస్కృతి అంటే భక్తేనని చెప్పే పెద్దలు ఈ చిక్కుముడిని ఎలా విప్పుతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇక మన కుర్రాడి వాదం. "చూపించు" అనేది ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్న చార్వాకుల మాట. వేడుకగా ఉంటుందిగాని హేతువాది చేత ఉండవలసిన ఆయుధం కాదు. ఎలక్ట్రాన్‌ను ఎవరు చూశారు? ముత్తాతను ఎవరు చూశారు? చూడనివాటిని అనుమానంతోనే ఒప్పుకుంటున్నాం. ఈశ్వరవాదం దేవుడు కనబడనందువల్ల ఓడిపోవడం లేదు, వ్యాప్తి తెగినందువల్ల ఓడిపోతున్నది. ఈ తేడా చెప్పలేని హేతువాది ఎదుటివాడికి సులువైన గెలుపును అప్పజెప్పినట్లే.

మూడో వాదం ఒకటుంది. పుస్తకాల్లోకన్నా వాకిళ్ళలో ఎక్కువగా వినిపించేది ఇదే. "ఉంటే మంచిదే. లేకపోతే పోయేదేముంది, ఓ కొబ్బరికాయ." ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త పాస్కల్ ఆలోచన ఇదే. ఆయన మరణానంతరం 1670లో అచ్చయిన పుస్తకంలో దాన్ని పందెంగా చెప్పాడు. పందెం మంచి బేరం కావచ్చుగాని రుజువు మాత్రం కాదు. గెలిచే గుర్రం ఉందో లేదో అది చెప్పదు. ఏ దేవుడి మీద పందెం కాయాలో కూడా చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యం, పోయేది ఎప్పుడూ కొబ్బరికాయే కాదు.

కొన్నేళ్ళ కిందట మా బడి పిల్లవాణ్ణి మామిడితోటలో పాము కరిచింది. ముందు మంత్రం వేయించారు, తరవాత ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాడు బతికాడు. వాళ్ళ నాయనమ్మను అడిగితే "రెండూ చేశాం గదయ్యా మాస్టారూ, మంత్రమే పట్టింది" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె చేసింది కూడా అనుమానమే. మంత్రం వేశారు, బతికారు. ఆ వీధిలో అలాంటివారు పదిమంది ఉన్నారు. దృష్టాంతాలకు కొదవలేదు. తెగిపోతున్నది వ్యాప్తి. మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ విషంలేనివి. జెర్రిపోతు కరిచినా, నీరుకట్టు కరిచినా మంత్రం లేకుండానే బతుకుతారు. నాగుపాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. మంత్రం వేయకుండా బతికినవారిని ఎవరూ లెక్కపెట్టరు. మంత్రం వేసినా చచ్చినవాడి విషయంలో "వేళ మించింది" అంటారు. తన పక్షాన ఉన్నవాటినే లెక్కపెట్టే హేతువు ఎన్నటికీ ఓడదు. అలాంటిది ఎన్నటికీ రుజువు కూడా కాదు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ మందుంది. కావలసింది వేళకు చేరడం. మంత్రం దగ్గర పోయే అరగంట ధర కొబ్బరికాయ ధర కాదు.

ఇంతవరకు చెప్పినదాని నుంచి, దేవుణ్ణి నమ్మేవారంతా తెలివితక్కువవారని ఎవరైనా తేలిస్తే వారూ హేత్వాభాసంలో పడినట్లే. నమ్మకానికి హేతువు ఉండటం వేరు, కారణం ఉండటం వేరు. హేతువు నమ్మకాన్ని సత్యమని చూపుతుంది. కారణం నమ్మకం ఎందుకు పుట్టిందో చూపుతుంది. జగ్గయ్యపేట దగ్గర మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు ప్రభలు కట్టుకుని వెళ్ళే జనం, కుండకు కుమ్మరి వంటి అనుమానం చేసి వెళ్ళడం లేదు. అత్తింట ఆరళ్ళు పడి, భర్త పులివాత పడగా అగ్నిలో కలిసిపోయిన ఇల్లాలని ఆమె కథ. ఆరళ్ళు పడిన ఆడకూతురికి ఆ కథ తన కథ. ఆమె మొక్కుకు హేతువు లేకపోవచ్చు, కారణం మాత్రం ఆమె ఇంట్లోనే ఉంది. మతాన్ని మత్తుమందన్న మార్క్స్ మాట అందరి నోటా వినబడుతుంది. 1844లో అచ్చయిన అదే వ్యాసంలో, ఆ మాటకు ముందే, మతం పీడితుల నిట్టూర్పన్న భావం కూడా ఉందని గుర్తుంచుకునేవారు తక్కువ. మత్తుమందు వాడేవాణ్ణి తిడితే చాలదు, నొప్పి ఎక్కడుందో చూడాలి.

అభ్యుదయ సాహిత్యంలో ఈ విచక్షణ తగినంతగా లేదని చెప్పక తప్పదు. మన కథల్లో, నాటికల్లో నమ్మేవాడు మోసగాడైనా అవుతాడు, మూర్ఖుడైనా అవుతాడు. చివరి పేజీలో నాస్తిక యువకుడి ఉపన్యాసంతో కళ్ళు తెరుస్తాడు. ఇది వాస్తవికత కాదు. భక్తకవి అయిన పోతన ఈ విషయంలో మనకన్నా నిజాయితీపరుడు. గజేంద్ర మోక్షణంలో బలం ఉడిగిన ఏనుగుకు, ఉన్నాడంటున్నవాడు అసలు ఉన్నాడా అని సందేహం కలుగుతుంది. నేను ఆ ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు అక్కడే తలెత్తి చూస్తారు. కథలో ఆ సందేహం తర్కంతో తీరలేదు, ప్రాణభయంలోంచి వచ్చిన మొరతోనే ముగిసింది. ఆ చోట పోతన హేతువును చూపలేదు, కారణాన్ని చూపాడు. విమర్శకులు ఆ పద్యాల్లో ధారను మెచ్చుకుంటారుగాని ఈ సంగతి పట్టించుకోరు.

మన జిల్లాలో ఈ చర్చను జీవితంగా చేసుకున్న మనిషి గోరా. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. నాస్తిక భావాల వల్ల కాకినాడలో 1933లోనూ, ఆ తరవాత మచిలీపట్నంలోనూ ఉద్యోగాలు పోయాయి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చాడు. 1944లో సేవాగ్రామం వెళ్ళి గాంధీని కలిసినప్పటి నుంచి వారిద్దరి మధ్యా జరిగిన సంభాషణలు 1951లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఎవరూ ఎవరినీ ఓడించరు. గాంధీ అప్పటికే, 1931 నాటికే, దేవుడే సత్యమనడం మానుకుని సత్యమే దేవుడనడం మొదలుపెట్టాడు. తార్కికుడి కన్నుతో చూస్తే గాంధీ హేతువు తేలేదు, సాధ్యాన్నే మార్చేశాడు. సత్యాన్ని ఎవరు కాదంటారు? అయితే మార్చాక ఆ మాటకు కట్టుబడ్డాడు. గోరా పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రామంలో తన చేతులమీదుగా పెళ్ళి చేస్తానన్నాడు. పెళ్ళితంతులో దేవుడి పేరుకు బదులు సత్యమని చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజు వచ్చేసరికి ఆయన లేడు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిగింది.

గోరా వాదంలోనూ ఒక లోపముంది. దేవుడి భావం మనిషిని బానిసను చేస్తుంది, కనుక దాన్ని వదలాలన్నది ఆయన బలమైన మాట. బానిసను చేసేదంతా అబద్ధమని దీనివల్ల తేలదు. ఫలితం చెడ్డదైనంత మాత్రాన వాక్యం అసత్యం కాదు, మంచిదైనంత మాత్రాన సత్యమూ కాదు. "భక్తి ఉంటే మనిషి కుదురుగా ఉంటాడు" అనే మా ఊరి పెద్దలదీ ఇదే తప్పు. కాని ఆయన పెట్టిన సహపంక్తి భోజనాలకు ఏ ప్రమాణశాస్త్రమూ అక్కరలేదన్నది వేరే సంగతి.

చర్చ ఓడిపోతుందని భయపడేవారు చర్చనే లేకుండా చేయాలని చూస్తారు. 2013లో పూనేలో దభోల్కర్‌ను, 2015లో కొల్హాపూరులో పన్సారేను, ధార్వాడలో కల్బుర్గిని, 2017లో బెంగుళూరులో గౌరీ లంకేశ్‌ను కాల్చి చంపారు. ఈ నలుగురూ ఎదుటివారి మీద ఎత్తింది కలమూ, గొంతూ.

ఉదయనుని గురించి పండితులు చెప్పుకునే కథ ఒకటుంది. బౌద్ధులను వాదంలో గెలిచి అలసిపోయి పూరీ వెళ్తే గుడి తలుపులు మూసి ఉన్నాయట. ఆయనకు కోపం వచ్చి, నీకిప్పుడు ఐశ్వర్యమదం పట్టింది, బౌద్ధులు మీదికి వచ్చిననాడు నువ్వు ఉన్నావో లేవో నా వాదం మీదే ఆధారపడింది సుమా అని జగన్నాథుణ్ణే నిలదీశాడట. కథ నిజమో కాదోగాని దాన్ని శతాబ్దాలుగా చెప్పుకుని ఆనందించినవారు భక్తులే. ఆ మాట ఇవాళ ఎవరైనా ఒక సభలో అంటే, 1927లో పుట్టిన 295-ఏ సెక్షను స్థానంలో 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 299వ సెక్షను కింద మనోభావాలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు వెళ్తుంది. ఉదయనుడు స్టేషను బెంచీ మీద కూర్చుని, తాను ఈశ్వరుడి తరఫు ప్లీడరునని ఎస్సైగారికి నిరూపించుకోవలసి వస్తుంది.